పిక్కల చేతి నూలు

పలాస బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లు సిమెంటు బల్ల మీద కూర్చుని నూలు వడుకుతుంటే జనానికి అంత వినోదమని నాకు ముందు తెలియదు. కొందరు ఫోనుతో వీడియో తీసుకున్నాకే అదేమిటని అడుగుతారు. ఒకాయనైతే ఎక్కాల్సిన మందస బస్సు వదిలేసి మరీ నిలబడి, "బజార్లో నూలుండలు దొరుకుతాయి కదమ్మా" అని సలహా ఇచ్చాడు.

"బజార్లో ఇడ్లీలూ దొరుకుతాయి. మీ ఇంట్లో వండడం మానేసినారేటి?" అన్నాను.

నా స్నేహితురాలు మోచేత్తో పొడిచింది. నాకు నోరు ఆగదు, ఆమెకు చెయ్యి ఆగదు. చిన్నప్పటి నుంచీ ఇద్దరం ఇంతే.

మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఒకే ఊరు. నేను పలాసలో జాకెట్లు కుడతాను. ఆమె అక్కడే జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి పప్పు తీస్తుంది. పిల్ల ఇంకా చంకలో ఉండగానే ఆమె భర్త వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటి నుంచీ ఆ పిక్కలే ఆ ఇంటిని నడిపాయి. సాయంత్రం ఇద్దరం ఊరి బస్సు కోసం కలిసే కూర్చుంటాం. అది ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుక్కూడా తెలియదు.

ఆ ఖాళీలో నేను తకిలీ తీసేదాన్ని. అది పొందూరు వైపు నుంచి వచ్చిన మా అమ్మమ్మది. ఒక ఇత్తడి బిళ్ల, దాని నడుమ సన్నటి ఇనుప పుల్ల, అంతే. కొబ్బరి చిప్పలో నిలబెట్టి వేళ్లతో తిప్పితే బొంగరంలా తిరుగుతుంది. రెండో చేత్తో దూది ఏకును పైకి లాగుతూ పోతే పోగు వస్తుంది. నాకది కాలక్షేపం, అంతకు మించి ఏమీ లేదు.

కూతురికి సంబంధం కుదిరిన వారంలో ఆమె నా పక్కకు జరిగి, "ఒలే, నాకూ నేర్పు. నా గుంట తాళికి పోగు నాను వడుకుతాను" అంది.

నేను తకిలీ ఆపేశాను. తాళికి పోగులు పేని పసుపు పట్టించడం మా వైపు ముత్తయిదువల పని. భర్త పోయినవాళ్ల చెయ్యి దాని మీద పడనివ్వరు. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"పేనడం నువ్వే పేను. పసుపూ నువ్వే రాయి. పోగొక్కటే నాది" అంది. "ఎవులైనా అడిగితే నువ్వే వడికినావని సెప్పు."

"ఎందుకే ఈ దొంగతనం? నీ కూతురు, నీ కష్టం. ఎదురుగా నిలబడి సెప్పరాదా?"

"నీకేం, సెప్తావు. పెళ్లి ఆగిపోతే నీ ఇంట్లో కాదు గదా."

నాకు ఒళ్లు మండింది. కోపం ఆమె మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియదు. అయినా మర్నాడు ఇంకో తకిలీ పట్టుకెళ్లాను.

అలా మా వడుకుడంతా నలుగురూ తిరిగే చోట్లే సాగింది. ఊళ్లో తీస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు. పలాస రైల్వే స్టేషనులో, టెక్కలి బస్సు కాంప్లెక్సులో వందమంది చూసినా ఎవరికీ మేము ఎవరమో తెలియదు. పెళ్లి బట్టలకని టెక్కలి వెళ్లిన రోజున బట్టల షాపులో కన్నా బస్టాండు బల్ల మీదే ఎక్కువసేపు కూర్చున్నాం. కాలేజీ ఆడపిల్లలు చుట్టూ చేరి, తామూ తిప్పుతామని మారాం చేశారు. వాళ్లకు తెగిపోయిన ప్రతిసారీ ఆమె పడీ పడీ నవ్వింది. ఆమె అలా నవ్వడం చూసి చాలా కాలమైంది.

నవ్వింది గానీ ఆమె పోగూ అంత గొప్పగా వచ్చేది కాదు. పిక్క పగిలినప్పుడు కారే జీడి తగిలి తగిలి ఆమె వేళ్లు నల్లబడ్డాయి, చర్మం గరుకెక్కింది. దూది ఆ గరుకుకి పట్టుకుని ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకలా దిగేది. మెత్తబడతాయని వేళ్లకు కొబ్బరి నూనె రాసుకొస్తే ఏకు ముద్ద కట్టింది. నేను తిట్టాను. ఆమె ఇంకో ఏకు తీసుకుంది. పెళ్లి దగ్గర పడేసరికి పోగు చక్కగా కుదిరింది.

చుట్టి దాచిన నూలు పేనడానికని తీసి చూస్తే దాని మీద గోధుమ రంగు చుక్కలు. ఎంత తోముకున్నా ఆమె వేళ్ల సందుల్లో జీడి మిగిలే ఉంది. అది దూదికి అంటినప్పుడు కనబడదు, తర్వాత ముదురుతుంది. సబ్బునీళ్లలో ఉడకబెట్టాను. జీడి మరక పోతే కదా!

"నా సెయ్యి అలాటిది" అని స్టేషను ప్లాట్‌ఫారం మీద ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ "పసుపు పడితే ఏదీ కనబడదు, ఊరుకో" అని గదమాయించాను.

కనబడింది. పెళ్లినాడు పందిట్లో మగపెళ్లివారి తరఫున పెళ్లికొడుకు తల్లి తాళి పళ్లెం సర్దుతూ తాడు తీసి వెలుగులో పట్టుకుంది. నేను పేనినదే, పసుపు రాసినదే. ఆమె దాన్ని వేళ్ల మధ్య నెమ్మదిగా జరిపి చూసింది.

"ఈ నూలు ఎవులు వడికినారు?"

చుట్టూ ఆడవాళ్లంతా నా వైపు చూశారు. నా స్నేహితురాలు పెరట్లో వంటల దగ్గరుంది. ఎవరైనా అడుగుతారేమోనని అన్ని నెలలుగా అనుకున్న జవాబు నోటిదాకా వచ్చింది. నేను పలికేలోపే ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. సూది గుచ్చుకున్న గుర్తులు తప్ప శుభ్రమైన వేళ్లు.

"ఇది పిక్కల సెయ్యి. నీది కాదు" అని తన రెండు చేతులూ నా ముందు చాపింది. అవీ నల్లగానే ఉన్నాయి. "నా పెళ్లికి ముందు నుంచి పిక్కలు కొడతన్నాను. ఈ మరక నాకు తెలీదేటి? మా వదిన్ని పిలు."

పెరట్లోకి వెళ్లి నా స్నేహితురాలిని పిలిచాను. ఏం జరిగిందో నా ముఖం చూసే ఆమెకు అర్థమైంది. తల వంచుకుని వచ్చి కొంగుముడి విప్పింది. అందులో బజారులో కొన్న పసుపుతాడు ఉంది. అదొకటి దగ్గర పెట్టుకుందని నాక్కూడా చెప్పలేదు.

"నాదే తప్పు వదినా. ఇది కట్టించండి" అంది.

వియ్యపురాలు ఆ తాడు వంక చూడలేదు. పసుపు గిన్నె ఆమె ముందుకు జరిపింది.

"పసుపు సరిగ్గా పట్టలేదు, సుక్కలు కనబడతన్నాయి. ఇంకొంచెం రాయి. నీ సేత్తోనే."

నా స్నేహితురాలు నా వైపు చూసింది. నేను ఆ బజారు తాడు ఆమె చేతిలోంచి తీసి నా కొంగున కట్టుకున్నాను. ఆమె వేళ్లను చీరకు గట్టిగా తుడుచుకుని గిన్నెలో ముంచింది. పీటల మీద నుంచి కూతురు మెడ సాచి చూస్తోంది. వెనకెవరో పెద్దమనిషి ముహూర్తం దాటిపోతోందని కేకేశాడు.

"ఉండండి మావా" అంది వియ్యపురాలు, "తల్లి పసుపు రాత్తంది."