కంచె పిన్ని తోమని ఆరు పలకలు

ఆ అపార్టుమెంట్ల చుట్టూ ఉన్న తెల్ల కంచెను చూసినవాళ్లంతా ఒకటే మాట అంటారు. "ప్లాస్టిక్కే కదా, దానికేం పనుంటుంది?" అనేవాళ్లకేం, అంటారు. వాళ్ల సొమ్మేం పోయింది! అమ్మినవాడూ అదే చెప్పి అంటగట్టాడు. వినైల్ అట, రంగు వెయ్యక్కర్లేదట, చెదలు పట్టవట, జన్మలో దానివైపు చూడక్కర్లేదట. చూడక్కర్లేని ఆ కంచెను పన్నెండేళ్లుగా పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా చూస్తూ వచ్చిన మనిషి ఒకావిడ ఉంది. ఆవిడకు పేరు లేక కాదు, ఎవరూ పిలవరంతే. అందరికీ ఆవిడ కంచె పిన్ని.

రెండు స్తంభాల మధ్య నిలువు బద్దలు బిగించిన ముక్కను పలక అంటారు. పిన్ని లెక్కలో మొత్తం నూట ఇరవై పలకలు. రోజుకు ఎనిమిది తోమితే పదిహేను రోజులకొక చుట్టు. గడ్డికి నీళ్లు చిమ్మే గొట్టాలు అడుగంతా బురద కొడతాయి. రోడ్డు వైపు బస్సుల పొగ. నీడ వైపు పచ్చగా పాచి. చుట్టు ముగించి హమ్మయ్య అనుకునేసరికి మొదటి పలక మళ్లీ మొదటికొచ్చి కూర్చుంటుంది.

పనిలో పిన్నికి వంక పెట్టడానికి లేదు. కింది నుంచి పైకి తోముతుంది, పై నుంచి కిందికి కడుగుతుంది. తోమడం పైనుంచి మొదలుపెడితే కారిన మురికి చారలు కట్టి ఎండిపోతుంది. ఇది ఆవిడకు ఎవరూ చెప్పలేదు, మొదటి నెలలో తిట్లు తిని నేర్చుకుంది. సరంజామా మాత్రం ఇంటినుంచే వచ్చింది. గిన్నెలు తోమే పౌడరు, ఇనుప పీచు. చిన్నప్పుడు గిన్నెలు తోమించిన మేనత్త నెత్తిమీద నిలబడి, "చెయ్యి నొప్పి పుట్టలేదంటే నువ్వు తోమలేదన్నమాటే" అనేది. పిన్ని ఆ మాట చెవిలో పెట్టుకునే కంచె మీద పడింది. ఏటికేడు మురికి తొందరగా పట్టేది. గోధుమరంగు చుక్కలు కూడా లేచేవి. పొగ ఎక్కువైందనుకుంది, తనకు వయసు మీద పడిందనుకుంది. పీచు ఇంకాస్త గట్టిగా నొక్కింది. ఇంకేం చేస్తుంది పాపం!

ఇప్పుడు కుడి భుజం పోయింది. పోవడమంటే పూర్తిగా కాదు, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్లదు. మొగుడే వేస్తాడు. ఆయన బట్టల దుకాణంలో గుండీలు కుట్టే దర్జీ. "కోటుకైనా కొలతలుంటాయే, నీ జుట్టుకి అవీ లేవు" అని వేళాకోళమాడుతూనే ఓపిగ్గా అల్లుతాడు. డాక్టరు మాత్రం వేళాకోళమాడలేదు. ఇంకో ఏడాది ఇలాగే రుద్దితే చెయ్యి ఇక పైకి లేవదు, తర్వాత నా దగ్గరికొచ్చి లాభం లేదు అని మొహం మీదే చెప్పేశాడు.

అందుకే లోపలి పని అడిగింది. కింది అంతస్తులో పుస్తకాల గది ఉంది. అరలు దులపాలి, బల్లలు తుడవాలి. ఫ్యాను కింద పని. "చూద్దాంలే పిన్నీ, చూద్దాం" అంటూ సూపర్వైజరు ఏడు నెలలు చూస్తూనే ఉన్నాడు. చివరికి ఒక బుధవారం ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు.

"శనివారం కమిటీ వాళ్లు కంచె చూడ్డానికొస్తున్నారు. పాడైపోయింది, పీకేసి గోడ కట్టిద్దామంటున్నారు. తెల్లగా కనబడిందా, లోపలి పని నీదే. కనబడలేదా, కంచెతో పాటు నువ్వూ ఇంటికే. తర్వాత నన్నని లాభం లేదు."

"మూడు రోజుల్లో నూట ఇరవయ్యా నాయనా?"

"ఎన్నయితే అన్ని. ముందుకి కనబడేవి చెయ్యి."

ఆ మూడు రోజులూ పిన్ని ఒళ్లు హూనం చేసుకుంది. భోజనం నిలబడే తింది. శుక్రవారం మధ్యాహ్నానికి ముందుకి కనబడే కంచె తెల్లగా అయితే అయింది గానీ అందులో కళ లేదు. సున్నం రాసిన గోడలా వెలవెలబోతోంది. సరే, ఇంతకంటే నావల్ల కాదు అనుకుని బకెట్టు బోర్లించబోతుంటే, వెనక మూల నుంచి తోటమాలి కత్తెర చప్పుడు. కమిటీ వస్తోందని ఆ మహానుభావుడు మూలనున్న పెద్ద పొదని మొదలంటా నరికేశాడు. దాని వెనక ఇంకో ఆరు పలకలు! కంచె వేసినప్పటి నుంచి చీపురుపుల్ల కూడా తగలనివి. పాచి పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి.

పిన్నికి ఏడుపొచ్చింది. వచ్చిందంటే నిజంగానే, గడ్డిలో కూలబడి ఏడ్చింది. తోటమాలి భయపడి కత్తెర అక్కడే వదిలేసి పోయాడు.

లేచింది. కుడిచెయ్యి లేవలేదు. ఇనుప పీచు వేళ్ల మధ్య నిలవడం లేదు. ఎలాగూ కొంప మునిగిందిలే అని తుడవడానికి తెచ్చుకున్న పాత దిండు గలీబొకటి సబ్బునీళ్లలో ముంచి, ఎడంచేత్తో, నొక్కే ఓపిక కూడా లేక, ఊరికే అలా పులిమింది. పైపు పెట్టి నీళ్లు కొట్టింది.

పాచి చక్కా జారిపోయింది. కింద పలక మెరుస్తోంది! దుకాణంలోంచి నిన్ననే తెచ్చి బిగించినట్టుంది. పిన్ని నమ్మలేక దాని మీద అరచెయ్యి వేసింది. నున్నగా, చల్లగా ఉంది. పక్క పలక మీద చెయ్యి వేసింది, పన్నెండేళ్లు తను తోమినది. గరగరలాడింది. గీతలు, గీతల్లో గీతలు, వాటి నిండా నిన్న మొన్నటి ధూళి. ఆ గోధుమ చుక్కలు ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. పీచులోంచి విరిగిన ఇనుప నలుసులు గీతల్లో ఇరుక్కుని తుప్పు పట్టాయి.

అయ్యో, అయ్యయ్యో! మురికి పట్టిందని గీకింది, గీకినందుకు మురికి పట్టింది. దాని కోసమా ఈ భుజం? ముందు కోపమొచ్చింది. ఒక్కడంటే ఒక్కడైనా చెప్పాడా అని, అమ్మినవాడి నుంచి సూపర్వైజరు దాకా అందరినీ కడిగేసింది. తర్వాత సిగ్గేసింది.

ఆరు పలకలూ అలాగే కడిగేసింది. చివరి పలక దగ్గర భయం పట్టుకుంది. ఈ ఆరూ ఇలా ధగధగలాడుతుంటే మిగతా నూట ఇరవై ఇంకా దిక్కుమాలినట్టు కనబడతాయి. రేపు కమిటీ అడగదా? వీటిని కూడా కాస్త గీకేస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎవరికీ తెలీదు. ఎడంచేత్తో ఇనుప పీచు తీసుకుని, వంగి, అడుగున ఒక బద్దకు ఆనించింది కూడా. చెయ్యి రాలేదు. ఎంత తిట్టుకున్నా రాలేదు. పీచు చెత్తబుట్టలో పడేసి ఇంటికెళ్లిపోయింది.

శనివారం కమిటీ వచ్చింది. ముందు ప్రెసిడెంటమ్మ, వెనక సూపర్వైజరు, అందరికంటే వెనక పిన్ని. వేలితో రాసి చూసేదాకా దేన్నీ నమ్మని మనిషి ప్రెసిడెంటమ్మ. పలక పలకకీ పెదవి విరుచుకుంటూ నడిచింది. వెనక మూలకొచ్చి ఆగిపోయింది.

"ఇవెవరు చేశారు?"

"మా పిన్నేనండీ!" సూపర్వైజరు మొహం చాటంత అయింది. "భుజం నొప్పంటోంది, సోమవారం నుంచి లోపల పుస్తకాల గదికి..."

"ఇంత పనిమంతురాలినా? మతుండే మాట్లాడుతున్నారా? గోడ సంగతి తర్వాత. మిగతావన్నీ కూడా ఈవిడ చేత ఇలాగే చేయించండి. ఎన్నాళ్లయినా సరే."

పిన్ని లెక్క వేసుకుంది. నోరు మూసుకుంటే మెప్పు దక్కుతుంది, భుజం పోతుంది. నోరు తెరిస్తే ఏం పోతుందో తెలీదు, ఉద్యోగమే పోవచ్చు. పన్నెండేళ్లలో కమిటీవాళ్లతో ఒక్కమాట ఎదురాడని మనిషి, ముందుకొచ్చింది.

"అమ్మగారూ, వాటిని నేను తోమలేదండి. పన్నెండేళ్లూ పొద చాటునే ఉన్నాయి. నిన్న ఊరికే సబ్బునీళ్లు పులిమి పైపు కొట్టానంతే. ఇనుప పీచుతో నేను తోమినవి ఇవీ." పక్క పలకను చూపించింది.

ప్రెసిడెంటమ్మ దీన్నీ దాన్నీ రాసి చూసుకుంది.

"మరి పన్నెండేళ్లూ ఏం చేశావు?"

"పాడుచేశానమ్మా," అంది పిన్ని. "కష్టపడి పాడుచేశాను."

ప్రెసిడెంటమ్మ సూపర్వైజరు వైపు తిరిగింది. గోడ అక్కర్లేదు, ఎవరి చేతైనా సబ్బునీళ్లతో కడిగించండి చాలు అంది. "ఈవిణ్ణి లోపల పెట్టుకోండి. ఇక కంచె మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వకండి."

సాయంత్రం మొగుడు దుకాణం నుంచి వచ్చేసరికి పిన్ని గుమ్మంలో కూర్చుని ఉంది.

"లోపలి పని వచ్చిందా?"

"వచ్చింది."

"మరి ఆ మొహమేమిటే? అడిగిందే కదా ఇచ్చారు!"

పిన్ని తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"నేను కాస్త ఒళ్లొంగని దాన్నయి ఉంటే, ఆ కంచె బాగుండేదయ్యా," అంది. "నా చెయ్యీ బాగుండేది."

ఆయన చెప్పులు కూడా విప్పకుండా ఆవిడ పక్కనే కూర్చున్నాడు.