పిడికెడు జొన్నలు

హైదరాబాద్ పాతబస్తీలోని నా చిన్ననాటి శాలిబండలో తెల్లారిందంటే రెండే చప్పుళ్ళు. ఒకటి మా ఇంట్లో పాల గిన్నెలది, రెండోది పక్కింటి అక్క వాళ్ళ డాబా మీద పావురాల రెక్కలది. మాది బర్రెల పాల వ్యాపారం. నేను పదో తరగతి. ఆ అక్క ఇంటర్ చదివేది. ప్రయోగాలున్న రోజు తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకుని బస్సెక్కేది. నాకూ అలా వెళ్ళాలని ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. మా బాపుది మాత్రం ఒకటే మాట. "హాఫియర్లీల ఫెయిలైతే బడి బందు. ఇంట్ల పని మస్తున్నది."

నా ప్రాణానికి రసాయన శాస్త్రంలో మోల్ లెక్కలు వచ్చిపడ్డాయి. ఒక మోల్ అంటే దాదాపు ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు పెట్టినన్ని కణాలట. మోల్స్ ఇచ్చి కణాలు అడిగినా, కణాలు ఇచ్చి మోల్స్ అడిగినా నేను గుణించి పారేసేదాన్ని. అంత పెద్ద సంఖ్య ఎదురుపడితే గుణించడమే మర్యాద అనుకున్నానో ఏమో.

ఒక సాయంత్రం అక్క వాళ్ళ డాబా మీద కూర్చుని ఏడుస్తుంటే తనే వచ్చి నా లెక్కలు చూసింది. నవ్వలేదు, తిట్టలేదు. పావురాల మేత డబ్బాలోంచి నా చేతిలో జొన్నలు పోసి పిడికిలి బిగించమంది.

"ఎన్ని పిడికిళ్ళున్నయ్?" అని అడిగింది.

"ఒకటే."

"ఇగ చల్లు."

చల్లాను. పావురాలు ముసురుకున్నాయి. ఎన్ని గింజలు పడ్డాయని అడిగితే, "గవన్ని ఎవరు లెక్కవెడ్తరక్కా" అన్నాను.

"మోల్ అంటే పిడికిలి. కణమంటే గింజ. ప్రతి పిడికిట్ల గన్నే గింజలుంటయ్ అనుకో. పిడికిలి ఇప్పితే గుణించాలె. గింజలు పోగుజేసి పిడికిలి పడితే భాగించాలె. నువ్వేమో గింజల కన్నా పిడికిళ్ళే ఎక్కువని రాసినవ్. గట్లెట్లయితదే పిచ్చిదానా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. డబ్బా అడుగు కనిపించేదాకా చల్లుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం పావురాలకు పండగే.

హాఫియర్లీ పరీక్షలో మొదటి లెక్క చూడగానే బల్ల కింద పిడికిలి బిగించి వేళ్ళు విప్పాను. గుణించాను. తర్వాతి లెక్కకు విప్పిన వేళ్ళు ముడిచి భాగించాను. ఇంకోసారి విప్పుతుండగా మా టీచరమ్మ చూడనే చూసింది.

"ఏంది, ఎవరికి సైగలు జేస్తున్నవ్?" అని నా పేపరు లాక్కుంది.

బడి బందు అన్న బాపు మాట చెవుల్లో మోగింది.

"సైగలు కాదు టీచర్. పావురాలకు జొన్నలు చల్లుతున్న."

గదంతా గొల్లుమంది. నేను పిడికిలి సంగతీ గింజల సంగతీ చెప్పుకొచ్చాను. ఆమె నిలబడే నా లెక్కలన్నీ నిదానంగా చూసింది. తర్వాత పేపరు నా ముందు పెట్టి, "చల్లుకో బిడ్డా. లొల్లి మాత్రం చేయకు" అంది.

పాసయ్యాను. మార్కులు చూసిన బాపుకు అక్క జొన్నలతో నేర్పిన సంగతి చెప్పాను. మర్నాడు పాలు పోసి వస్తూ ఒక సంచి జొన్నలు తెచ్చి, అక్క వాళ్ళ డాబా మీద పెట్టి వచ్చాడు. బడి బందు అన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు.

అక్క పెళ్ళయి సైదాబాద్ వెళ్ళిపోయింది. ఇప్పటికీ కలిస్తే పలకరింపు కన్నా ముందు పిడికిలి చూపించి నవ్వుతుంది. నేను రసాయన శాస్త్రం టీచర్నయ్యాను. నా దగ్గర చదివిన పిల్లలందరికీ జొన్నలతోనే ఆ పాఠం చెప్పాను. పరీక్ష గదిలో తిరుగుతుంటే బల్లల కింద పిడికిళ్ళు విచ్చుకుంటూ ముడుచుకుంటూ కనబడేవి. కళ్ళు చెమర్చేవి. కిటికీ వైపు తిరిగి నిలబడేదాన్ని. రిటైరయ్యేదాకా ఒక్కరిని కూడా, ఎవరికి సైగలు చేస్తున్నావని అడగలేదు.