మన్నూబియా మెచ్చుకున్న రోజులు

మా వీధిలో మన్నూబియా నోటికి మూడు పనులుండేవి. రుచి చూడటం, తీర్పు చెప్పడం, పెళ్ళిళ్ళలో నాలుక ఆడిస్తూ జగరీతు అనే సంతోషపు కూత తీయడం. ఆవిడ జగరీతు తీస్తే పక్క వీధి మేడల మీది పావురాలు లేచి ఎగిరిపోయేవి. నాలుగో పని తిట్టడం కాదా అని మీరడగొచ్చు. అది వేరే పని కాదు, తీర్పులోనే కలిసి వచ్చేది.

కుండలు చేసే అమ్మార్ భార్య ఆవిడ. ఆయన పోయి చాలా కాలమైంది. ట్యూనిస్ దగ్గరి మా నాబుల్ ఊళ్ళో కుండల వాళ్ళకి కొదవ లేదు కాబట్టి ఆయన్ని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ఈవిడ్ని మాత్రం మర్చిపోవడం ఎవరి తరమూ కాలేదు. వేసవి చివర మిరపకాయలు దండలు గుచ్చి గోడలకి వేలాడదీస్తాం. అవి ఎండాక ఒక్కో రోజు ఒక్కో ఇంటి ముంగిట్లో ఆడవాళ్ళమంతా చేరి ఏడాదికి సరిపడా హరీసా నూరుతాం. ఎండుమిరప, వెల్లుల్లి, ధనియాలు, షాజీరా, ఉప్పు. అంతే. ఆ అంతేలోనే ఇంటింటి పరువూ ఉంది. మన్నూబియా రొట్టెముక్క ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పేదాకా ఒక్కరూ జాడీ మూత తీసేవాళ్ళు కాదు.

నా పేరు షద్లియా. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను కాపురానికి వచ్చిన ఏడు మొదలు నా హరీసా మీద ఆవిడ తీర్పు మారలేదు.

"షద్లియా, ఇది హరీసా కాదే, షాజీరా పొలం! మిరపకాయలు పాపం దారి తప్పి వచ్చి పడ్డాయి."

నేను తగ్గించానా? తగ్గించలేదు. మా అమ్మ అంతే వేసేది, నేనూ అంతే వేస్తాను. ఆవిడ అనేది, నేను పళ్ళు నూరుకునేదాన్ని, జాడీలు నింపుకునేదాన్ని. మా స్నేహం అలా సాగింది.

ఆవిడ కోడలు రౌదా పరిస్థితి ఇంకా ఘోరం. ఆ పిల్ల తండ్రికి కడుపులో పుండు ఉండేది. ఆయన కోసం వాళ్ళ పుట్టింట్లో అందరూ చప్పిడి తిండికి అలవాటు పడిపోయారు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి గోధుమరవ్వ సూప్ కాచి అత్తగారికి పెడితే, మన్నూబియా ఒక్క చెంచా తాగి నెమ్మదిగా అడిగింది.

"అమ్మాయ్, ఇది వండావా, ఇందులో ఏవన్నా కడిగావా?"

ఆ మాట ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి మోగింది. రౌదా నోట్లో నాలుక లేని పిల్ల. తలొంచుకుని గిన్నె తీసుకెళ్ళిపోయేది.

ఇక ఆ జబ్బు. మా దగ్గర దాని పేరు ఎవరూ పలకరు, 'అది' అంటాం. పేరెత్తితే వస్తుందని భయం. ఎవరూ పేరెత్తకుండానే అది వచ్చి మన్నూబియా రొమ్ములో కూర్చుంది. ఆపరేషన్ చేశారు. తర్వాత ట్యూనిస్‌లో కీమో మొదలుపెట్టారు. కొడుక్కి టైల్స్ కార్ఖానాలో సెలవు దొరకదు, రౌదాకి చిన్నపిల్లలు. కాబట్టి షేర్ టాక్సీలో తోడు వెళ్ళేది నేనే. వెళ్ళమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే కాదనేదాన్నేమో.

అక్కడ ఇమేన్ అనే నర్సు ఉండేది. మొదటి రోజే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"పెద్దమ్మా, ఈ మందుకి నోరు పూస్తుంది. మెత్తటి బ్రష్‌తో తోముకో. గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పూ వంటసోడా చిటికెడు చిటికెడు వేసి పుక్కిలించు, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందూ. ఘాటుగా మండే మౌత్‌వాష్‌లు వద్దు. నోటికి ఇనుము రుచి తగులుతుంది, అప్పుడు చెక్క చెంచాతో తిను. నిమ్మకాయ వద్దు, వేడివేడిగా వద్దు, హరీసా అసలే వద్దు."

మన్నూబియా అన్నీ విని ఒక్క ప్రశ్న అడిగింది. "నీది ఏ ఊరే తల్లీ?"

"బిజర్త్ పెద్దమ్మా."

"అనుకున్నాను. మిరప విలువ తెలియని ఊరు."

దారిలో నాతో అంది, "హరీసా వద్దంటుందే! ఆ మాత్రం దానికి నన్ను ఎందుకు బతికించడం?" టాక్సీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

జుట్టు రాలినప్పుడు ఆవిడ లెక్కచెయ్యలేదు. "మొగుడే లేడు, దువ్వుకుని ఎవరికి చూపించను?" అని తలగుడ్డ బిగించింది. కనుబొమ్మలు పోతే మాత్రం బాధపడింది, ఒకళ్ళని చూసి ఎగరెయ్యడానికి ఏమీ మిగల్లేదని. వాంతులకి మాత్రలిచ్చారు. నోరు మాత్రం నర్సు చెప్పినట్టే పూసింది. పెదవుల లోపల, నాలుక అంచుల్లో, గొంతు దాకా పుళ్ళు. గుటక వేస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. దేన్ని నోట్లో పెట్టినా పాత తాళంచెవి చప్పరించినట్టుంది అనేది.

అప్పుడు పరామర్శలు మొదలయ్యాయి. మా దగ్గర రోగిని చూడ్డానికి వట్టి చేతులతో రారు. తెచ్చినదాన్ని రోగి ఒక్క ముద్దైనా తినేదాకా కదలరు. ఈ ఆచారాన్ని వీధిలో అందరికంటే గట్టిగా నడిపింది మన్నూబియాయే. మా మామగారు ఆఖరి ఘడియల్లో ఉంటే ఆయన నోట్లో గుడ్డు పెట్టి వేయించిన బ్రీక్ ముక్క కుక్కిన మనిషి. ఇప్పుడు వీధంతా బాకీ తీర్చుకోవడానికి వచ్చింది. ఒకావిడ మిరియాల పులుసు తెచ్చింది. ఇంకొకావిడ లవంగం పంటికింద పెట్టుకోమంది. మరొకావిడ నారింజ పూల అత్తరునీళ్ళతో పుక్కిలిస్తే ఎంత పుండైనా మానిపోతుందని సీసా వంచబోయింది. రౌదా అడ్డం పడింది. ఆ పిల్ల ఒకరికి అడ్డం పడటం నేను చూడటం అదే మొదలు.

ఇక్కడే అసలు విడ్డూరం. వచ్చినవాళ్ళు పెట్టినదల్లా మన్నూబియా చెంచా కొసతో తాకించుకుని, "బాగుంది, నీ చేతులు చల్లగుండ" అనడం మొదలుపెట్టింది. మాట్లాడితే నొప్పి, తిడితే ఇంకా ఎక్కువ నొప్పి, రుచి ఎలాగూ తెలియదు. పొగడ్త పొట్టిది కాబట్టి పొగిడేది. వీధి మురిసిపోయింది. జబ్బు మనిషికి ఎంత మంచితనం నేర్పిందో చూశారా అన్నారు. డాక్టరు కూడా ఇంత నెమ్మదస్తురాలైన పేషెంటుని చూడలేదన్నాడు.

ఒకరోజు రౌదా మొహం పాలిపోయి మా గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నీ, అత్త నా సూప్ బాగుందంది."

నేను చేతిలో పని వదిలేశాను. "ఎప్పుడు?"

"ఇప్పుడే. చెయ్యి కూడా నిమిరింది." చెప్పి ఏడ్చేసింది. "పిన్నీ, ఆవిడ బతకదా?"

"నోర్ముయ్! చప్పిడి సూప్ మెచ్చుకుంటే ఎవరన్నా చస్తారా?" అని కసిరాను. కసిరాను గానీ ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మిరపకాయలు ఎండాయి. మా ముంగిట హరీసా నూరే రోజు వచ్చింది. మన్నూబియాని చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. గిన్నె నేనే ముందుకి పట్టాను. ఆ ఏడు కావాలని షాజీరా రెట్టింపు వేశాను. అవును, కావాలనే. ఆవిడ రొట్టెముక్కని పైపైన అద్ది, పెదవికి తగలనిచ్చి, ఉలిక్కిపడి, తమాయించుకుని, నవ్వింది.

"బాగుంది షద్లియా."

ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళకి గెలిచావే అన్నారు. నేను మాత్రం తిట్టు కోసం వేశాను, పొగడ్త వచ్చిపడింది. ఆవిడ ఇంకో మాట కూడా అంది, "నాకో చిన్న జాడీ ఇవ్వు." రుచి తెలిసే అడుగుతోందనుకుని నేను మురిసి ముక్కలై ఇచ్చాను. నా బుద్ధికి అంతకంటే ఏం తోస్తుంది?

రెండ్రోజుల తర్వాత, కోడలు బట్టలారేస్తుంటే, మన్నూబియా ఆ జాడీ తీసి రొట్టెకి నిండా పట్టించి తినేసింది. నోరు భగ్గుమంది. ఆ మంటని ఆవిడ రుచి అనుకుంది! "రౌదా! వచ్చిందే! రుచి వచ్చిందే!" అని కేకపెట్టింది. సంతోషం పట్టలేక ఇంకో ముక్క తింది. మా ఊరివాళ్ళకి తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ రాదు ఈ పొరపాటు. చిన్నప్పటినుంచీ మంటనే రుచి అని పిలుస్తున్నాం కదా.

సాయంత్రానికి నోరంతా పచ్చిపుండు. మర్నాటికి గుక్కెడు నీళ్ళు దిగలేదు. అప్పటికే మందుకి రక్తం బలహీనపడి ఉంది, జ్వరం కూడా వచ్చింది. జ్వరం వస్తే క్షణం ఆగొద్దని నర్సు ముందే చెప్పింది కాబట్టి పరుగున తీసుకెళ్ళాం. సెలైన్లు, సూదిమందులు. తర్వాత ఇవ్వాల్సిన కీమో డోసు వాయిదా వేశారు. ఇమేన్ నా వైపు చూసి, "ఆ హరీసా ఎవరిచ్చారు?" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంటికొచ్చాక మన్నూబియా గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకుతో సైగలతో, మాట మాటకీ ఆగుతూ చెప్పింది. ఇక ట్యూనిస్ వెళ్ళదట. మిగిలిన డోసులు వద్దట. రుచి లేని నోరు, మాట లేని నోరు, ఎవరికి కావాలి అంది. కొడుకు మంచం కాడ కూలబడి ఏడ్చాడు. నేను బతిమాలాను. డోసులు ఆగిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. కానీ ఆ పేరు ఎత్తలేం, ఆ చావు మాటా ఎత్తలేం.

ఎత్తింది రౌదా. చేతిలో సూప్ గిన్నెతో గది మధ్యలో నిలబడింది.

"అత్తా, ఇటు తిరుగు. తిరగమంటున్నానా? కాపురానికి వచ్చిన రోజునుంచీ నీ మిరపకూడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిన్నాను. ఒక్కరోజు వద్దన్నానా? మా పుట్టింటికి పోయానా? పోలేదు. ఇప్పుడు నువ్వు నా చప్పిడి సూప్ నాలుగు నెలలు తాగలేవా? అంత చాతకాని నోరా నీది? చస్తే చావు! కానీ నా సూప్‌ని నిజంగా బాగుందని నమ్మించి చస్తానంటే ఊరుకోను. అది బాగాలేదు. నాకూ తెలుసు. అది బాగాలేదని నా మొహం మీద చెప్పేదాకా నువ్వు చావడానికి వీల్లేదు."

కొడుకు ఏడుపు ఆపేశాడు. గోడవైపు తిరిగిన మనిషి భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాసేపటికి చెయ్యి వెనక్కి చాపింది. రౌదా సూప్ గిన్నె అందించబోతే వద్దని ఊపి, బల్ల మీది ఉప్పుసోడా నీళ్ళ గ్లాసు చూపించింది. పుక్కిలించింది. తర్వాత చెక్క చెంచా అడిగింది.

నా జాడీని రౌదా గోడ మీదుగా మా ముంగిట్లోకి పంపించింది. పంపించింది అంటే విసిరింది.

మిగిలిన డోసులన్నీ పూర్తయ్యాయి. ప్రతిసారీ నోరు పూసింది, ప్రతిసారీ పుక్కిలించింది. పెరుగు, మెత్తగా మెదిపిన బంగాళదుంప, రవ్వ సూప్, తినేముందు నోరు మొద్దుబార్చే మందు. బరువు తగ్గింది గానీ డాక్టరు భయపడినంత తగ్గలేదు. చప్పిడి వంట అని ఇన్నాళ్ళూ దెప్పిన చెయ్యే ఆవిడని నిలబెట్టిందని అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. తెలిసినట్టు ఒప్పుకుంటుందా? పైగా రోజూ "బాగుంది" అనేది. అన్నప్పుడల్లా రౌదా మొహంలో దిగులు కనబడేది. మందులు ఆపేసినా ఆ దిగులు పోలేదు.

నారింజ పూలు విరిసే రోజులొచ్చాయి. అత్తరునీళ్ళు తియ్యడానికి పూలు దుప్పట్ల మీద ఆరబోసి, వాళ్ళ ముంగిట్లో కూర్చుని వలుస్తున్నాం. మన్నూబియాకి కనుబొమ్మలు పలచగా మొలుస్తున్నాయి. రౌదా సూప్ తెచ్చింది. ఆవిడ చెక్క చెంచాతో ఒక్క గుక్క తాగి ఆగింది. ఇంకో చెంచా తాగింది. కళ్ళు మూసుకుంది. నా చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది.

ఆ పలచటి కనుబొమ్మలు పైకి లేచాయి.

"అమ్మాయ్," అంది, "ఇది వండావా, ఇందులో ఏవన్నా కడిగావా?"

రౌదా, పెళ్ళిళ్ళలో కూడా ఎన్నడూ గొంతు కలపని ఆ పిల్ల, తలెత్తి, నాలుక ఆడిస్తూ జగరీతు తీసింది. అలవాటు లేని గొంతు, మధ్యలో విరిగింది. విరిగినచోట ఏడ్చింది, మళ్ళీ తీసింది. వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరికి కొడుకు పుట్టాడు అంటూ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"ఏమీ లేదు," అన్నాను నేను కళ్ళు తుడుచుకుంటూ. "అత్తగారు సూప్‌ని తిట్టింది."

వాళ్ళకి అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అందరూ కలిసి తీశారు జగరీతు. ఆ గోలలో నేను మన్నూబియా పక్కకి జరిగాను. నన్ను కూడా ఒక్క మాట అనమని అడగాలనుంది, అడగడానికి సిగ్గేసింది.

అడగాల్సిన పని పడలేదు.

"నీ జాడీ సంగతి నేను మర్చిపోయాననుకోకు షద్లియా," అంది ఆవిడ, చెంచా నా మొహం మీదికి చూపిస్తూ. "మంట నా ప్రాణం తీసింది సరే. ఆ షాజీరా ఏంటే?"