కాలువ గట్టు కొంగల లెక్క

తెనాలి నుంచి బాపట్లకు రైలు మార్గం నలభై మూడు కిలోమీటర్లు. రేపల్లెకు ముప్పై నాలుగు. మా ఇల్లు తెనాలిలో, నేను కంప్యూటర్ సైన్స్ చదివిన కళాశాల బాపట్లలో. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఉదయం 6.20 బండిలో రేపల్లె వెళ్ళి, స్టేషన్ నుంచి 2.8 కిలోమీటర్లు నడిచి, 8.15 లోపు కాలువ గట్టు మీద ఉండేవాణ్ణి. అక్కడ నాలుగు నిద్రగన్నేరు చెట్లుండేవి. వానాకాలంలో వాటి మీద నత్తగొట్టు కొంగలు గూళ్ళు కట్టేవి. ప్రతి గూటికీ ఒక సంఖ్య ఇచ్చి, పొదగడం మొదలైన వారం, పిల్లలు తలలెత్తిన వారం, గూడు ఖాళీ అయిన వారం ఫొటోలతో నమోదు చేసేవాణ్ణి. ఆ ఫొటోలను గూళ్ళవారీగా, తేదీలవారీగా పేర్చే ప్రోగ్రామ్ కూడా నేనే రాసుకున్నాను.

గట్టు దిగువన రేకుల ఇంట్లో ఒక పెద్దమ్మ ఉండేది. వారమంతా పొలం కూలికి, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. నేను కెమెరా బయటికి తీసేసరికి ఆమె గుమ్మం దాటేది.

"ఏంటి బాబూ, మళ్ళీ వచ్చావా? కొంగలకి ఆధార్ కార్డులిస్తావా ఏంటి?"

"లేదండి పెద్దమ్మా, లెక్కే."

"నువ్వు లెక్కెడితే పిల్లలు పెరుగుతాయో లేదోగానీ, నా చీర మీద రెట్టలు మాత్రం పెరుగుతున్నాయి."

మూడో ఏడు సెప్టెంబరులో ఒక ఆదివారం నాలుగు చెట్ల మొదళ్ళకూ సున్నంతో అంకెలు వేసి ఉన్నాయి. గట్టు వెడల్పు చేస్తారట, చెట్లు కొట్టేస్తారట అని పెద్దమ్మే చెప్పింది. ఆ రోజు యాభై ఎనిమిది గూళ్ళున్నాయి. నలభై ఒక్క గూళ్ళలో పిల్లలు కనిపించాయి. వాటిలో ఒక్కటి కూడా ఎగరగలిగే వయసుది కాదు.

మర్నాడు కళాశాల మానేసి, ఆ పనులు చూసే ఇంజినీరును కలిశాను. నెమ్మదైన మనిషి. చివరి వరకూ విన్నాడు.

"ఆపాలంటే ఎప్పటిదాకా ఆపాలో నేను రాయాలి బాబూ. పిల్లలు ఏ వారానికి ఎగురుతాయో చెప్పే పాత రికార్డు ఏదైనా ఉందా?"

"రెండేళ్ళది ఉందండి, ఫొటోలతో సహా."

"అయితే వచ్చే సోమవారం పదకొండింటికి పట్రా. మంగళవారం మిషన్ వస్తుంది. రికార్డు చేతిలో ఉంటే ఆరు వారాలు ఆపించగలను."

ఆ రికార్డు ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉంది. దీనికి కారణం నా నియమాలు. ఎవరైనా చదివి, మార్చుకుని, పంచుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే వాడాలని నిర్ణయించుకున్నవాణ్ణి. నా ప్రోగ్రామ్‌ను అందరికీ అందుబాటులో పెట్టాను. కానీ నా ఫొటోలు ఏ కంపెనీ సర్వర్‌లోనూ ఉండకూడదు. "ఒక కాపీ ఆన్‌లైన్‌లో పడెయ్యి అన్నయ్యా, నీ కొంగల్ని ఎవడు ఎత్తుకుపోతాడు?" అని చెల్లెలు అడిగినప్పుడు దాదాపు ఇరవై నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. ఆ డిస్కుకు పాస్‌వర్డ్‌తో తెరుచుకునే గూఢలిపి తాళం కూడా వేశాను. కాగితం మీద రాయడం అప్పటికే మానేశాను.

శనివారం మధ్యాహ్నాలు మేము నలుగురం కళాశాల ల్యాబులో పాత కంప్యూటర్లకు స్వేచ్ఛా సిస్టమ్ ఎక్కించేవాళ్ళం. ఆ శనివారం నివేదిక ప్రింటు తీసుకుందామని డిస్కు తీసుకెళ్ళి, 2.40కి తగిలించాను. ఇంకా తాళం తీయలేదు. ఈలోగా ఒక మిత్రుడు సిస్టమ్ ఎక్కించే పెన్‌డ్రైవ్ తయారుచేసిపెట్టమన్నాడు. దాన్నీ తగిలించాను. కంప్యూటర్ సొంత డిస్కు పేరు 'ఎ'; బయటినుంచి ఏది ముందు తగిలిస్తే దానికి 'బి' అనే పేరు, తర్వాతిదానికి 'సి' వస్తాయి. ప్రతి శనివారం పెన్‌డ్రైవే ముందు తగిలించేవాణ్ణి కాబట్టి నా వేళ్ళకు 'బి' అలవాటు. తెర మీద బొత్తాలు నొక్కే ప్రోగ్రాములు, పాతది చెరిపే ముందు ఒకసారి అడుగుతాయి. మేము టైపు చేసే ఆదేశం ఏమీ అడగకుండానే ఉన్నదాని మీద రాసేస్తుంది. అడగకపోవడమే దాని గొప్పని జూనియర్లకు చెప్పేవాళ్ళం.

అలవాటుగా 'బి' అని కొట్టి ఎంటర్ నొక్కాను. పెన్‌డ్రైవ్ దీపం వెలగలేదు. డిస్కు దీపం వెలుగుతోంది. పదకొండు సెకన్ల తర్వాత ఆపాను. తాళానికి సంబంధించిన సమాచారం డిస్కు మొదట్లో పదహారు మెగాబైట్లలో ఉంటుంది. అది ఒక్క సెకనులోనే పోయింది. మిగిలిన ఫొటోలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, కానీ తెరవడానికి వీల్లేదు. పాస్‌వర్డ్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏమైందిరా?" అన్నాడు మిత్రుడు.

"బి కొట్టాను."

అతను డిస్కునూ పెన్‌డ్రైవ్‌నూ మార్చి మార్చి చూశాడు. నేను కుర్చీ లోపలికి జరిపి, 4.50 బండికి స్టేషనుకు వెళ్ళాను. ఇంట్లో పప్పూ అన్నం పెడితే తిన్నాను. రుచి తెలియలేదని కూడా చెప్పలేను. ఆ సంగతి గమనించలేదు.

సోమవారం నాతోపాటు పెద్దమ్మ కూడా వచ్చింది. ఆమె కూలి మానుకుని రావడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"పోయిందండి," అన్నాను ఇంజినీరుతో. జరిగింది చెప్పాను.

"ఇంకో కాపీ?"

"లేదండి."

"కంప్యూటర్లే కదా బాబూ నువ్వు చదివేది!" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అన్నాడు.

పెద్దమ్మ ముందుకు జరిగింది. "నేను చెబుతున్నాగా సార్. దీపావళి దాటాక అక్కడ ఒక్క పిల్ల ఉండదు. పద్దెనిమిదేళ్ళుగా చూస్తన్నా."

ఆమె చెప్పింది నా లెక్కకు నాలుగు రోజుల తేడాతో సరిపోతుంది. ఆ మాట చెప్పాను. ఆయన కలం మూత పెట్టి తీసి, మళ్ళీ పెట్టాడు.

"నీ మాట నేను నమ్ముతానమ్మా. ఫైల్లో మాత్రం పెట్టలేను."

మంగళవారం 9.40కి మిషన్ వచ్చింది. మధ్యాహ్నం 1.25కి నాలుగో చెట్టు పడింది. పెద్దమ్మ గంపలో గోనెసంచి పరిచి, కదులుతున్న పిల్లలను ఏరింది. నేను లెక్కపెట్టాను. అది తప్ప నాకు చేతనైన పని అక్కడ లేదు.

చెట్లు: నాలుగు. గూళ్ళు: యాభై ఎనిమిది. నేల మీద లెక్కకు దొరికిన పిల్లలు: ఎనభై ఏడు. సాయంత్రానికి ప్రాణంతో ఉన్నవి: పదకొండు. బుధవారం ఉదయానికి: రెండు. శుక్రవారానికి: ఏవీ లేవు. ఫొటోలు: తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు. పెద్దమ్మ మానుకున్న కూలి: రెండు రోజులది.