మా ఆవిడా, ఫార్టీఫోర్ దెబ్బా

పోయిన శనివారం పిస్టల్ క్లబ్బులో రేకుల షెడ్డు కింద కూర్చుని టీ తాగుతుంటే, మా టూవూంబా ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మా స్నేహితుల కూతురు. క్లబ్బులో చేరి ఇంకా ఏడాది కాలేదు. "అంకుల్, రివాల్వర్లలో త్రీఫిఫ్టీసెవెన్‌కీ ఫార్టీఫోర్‌కీ కిక్‌లో డిఫరెన్స్ ఎంత ఉంటుంది? ఐ మీన్, చేతికి యాక్చువల్‌గా ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. ఈ ఆస్ట్రేలియాలోనే పుట్టిన పిల్ల, ఆ మాత్రం తెలుగు మాట్లాడినందుకే నాకు ముచ్చటేసింది. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి కదా, గుండు బరువెంత, వేగమెంత, తుపాకీ బరువెంత అని పేపర్ నాప్కిన్ మీద లెక్క మొదలుపెట్టాను. సగంలో పెన్ను ఆగిపోయింది. కాగితం మీద వచ్చేది తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ. ఆ పిల్ల అడిగింది చేతికి తెలిసే దెబ్బ. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నాకు నేర్పింది మా ఆవిడ. అదీ నేను చేసిన ఒక వెధవ పని వల్ల.

మా ఆవిడ పళ్ళ డాక్టరు. ఈ ఊళ్ళో చాలామంది దవడ పళ్ళు ఆవిడ కుడిచేతి మీదుగానే లోకంలోకి వచ్చాయి. కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో వానకి తడిసిన పెరటి మెట్ల మీద జారి, అదే చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. లోపల ప్లేటు పెట్టి మరలు బిగించారు. ఎముక చక్కగా అతికింది, ఎక్స్‌రేలు ముచ్చటగా వచ్చాయి. కానీ చెయ్యి మాత్రం పిరికిదైపోయింది. జాడీ మూత తిప్పబోయేది, నొప్పి పుట్టకముందే చెయ్యి తనంతట తాను వదిలేసేది. కుక్కరు గిన్నె ఎత్తబోతే అంతే. "నొప్పి లేదండీ, అదే కదా నా బాధ! నొప్పి వస్తుందేమోనని ఇది ముందే పారిపోతోంది" అనేది, ఆ చేతిని ఎదురుగా పెట్టుకుని, అల్లరి పిల్లని చూసినట్టు చూస్తూ. పన్ను పీకేటప్పుడు చెయ్యి ఒక్క లిప్త ముందు వదిలేస్తే ఏమవుతుందో నాకు విడమరిచి చెప్పింది. అది మీకు చెప్పను, భోజనం చేసి ఉంటారు.

దానికి తోడు ఈ దేశపు మెచ్చుకోళ్ళు. చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి బంతి నొక్కితే "బ్రిలియంట్" అనేది, నొక్కలేకపోతే "నో వర్రీస్, యూ ఆర్ డూయింగ్ గ్రేట్" అనేది. క్లినిక్‌లో తోటి డాక్టరు ఎప్పుడొచ్చినా సరే అనేవాడు. తెలుగువాళ్ళ విందుల్లో ఆంటీలందరూ "నీకేం తల్లీ, బంగారంలా ఉన్నావు" అనేవారు. మా ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. "నాతో నిజం చెప్పే ప్రాణి ఈ ఊళ్ళో ఒక్కటీ లేదా?" అని ఒకరోజు సాయంత్రం చారులో గరిటె ఠపీమని పడేసి, "ఉంది. పొట్టేలు" అంది.

పొట్టేలు సంగతి చెప్పాలి. మా క్లబ్బులో ఆడే ఆటలో గురి పెట్టేది ఇనప పలకల్లోంచి కోసిన జంతువుల బొమ్మలకి. దగ్గర్లో కోడి, ఆ వెనక పంది, తర్వాత టర్కీ కోడి, అన్నిటికన్నా వెనక రెండు వందల మీటర్ల దూరంలో పొట్టేలు. తగిలితే చాలదు, పడాలి. తగిలి కూడా పడలేదంటే తప్పినట్టే లెక్క. పొట్టేలు మహా బరువైనది. త్రీఫిఫ్టీసెవెన్ గుండు తగిలితే ఠంగుమంటుంది గానీ చాలాసార్లు అలాగే నిలబడి మనవైపు చూస్తుంటుంది. దాన్ని నమ్మకంగా పడగొట్టాలంటే ఫార్టీఫోర్ మ్యాగ్నమ్ లాంటిది కావాలి. మా ఆవిడ ఎన్నో ఏళ్ళుగా నాతోపాటు కాలుస్తున్నా, అప్పటిదాకా త్రీఫిఫ్టీసెవెన్ దాటి వెళ్ళలేదు. ఫార్టీఫోర్ నాది, ఇనప్పెట్టెలో పై అరలో ఉండేది. "ఆ దెబ్బకి ముందు ఈ చెయ్యి వదలకుండా ఉంటే, దవడ పన్ను దగ్గరా వదలదు. పొట్టేలు పడిందా, క్లినిక్‌కి వెళ్తాను. పడలేదా, ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాను" అంది. ఇదేం వైద్యశాస్త్రమే తల్లీ అన్నాను. వినలేదు. ఆపరేషన్ చేసిన సర్జన్‌ని అడిగింది. ఆయన కాసేపు నవ్వి, ఎముకకి ఢోకా లేదన్నాడు. ఇంకేముంది, కాచుకో నా సామిరంగా!

ఇక్కడ దెబ్బల రకాలు కొంచెం చెప్పుకోవాలి. త్రీఫిఫ్టీసెవెన్‌ది పదునైన దెబ్బ. చప్పుడు పెద్దది, చురుక్కుమని అరచేతిలో చరిచినట్టుంటుంది, అయ్యేలోపే అయిపోతుంది. ఫార్టీఫైవ్ కోల్ట్ అని ఇంకోటుంది, పాతకాలపు తూటా, లావుపాటిది. అది చరచదు, గేదె తలతో నెట్టినట్టు నెమ్మదిగా తోస్తుంది. ఫార్టీఫోర్ మ్యాగ్నమ్‌కి ఈ రెండు గుణాలూ ఉన్నాయి. చరుస్తుంది, తోస్తుంది, తుపాకీ మూతి ఆకాశంలోకి లేస్తుంది, మోచేయి దాటి భుజం దాకా కబురు వెళ్తుంది. రబ్బరు పిడి ఉంటే కొంత మేలు, చెక్క పిడి అయితే బొటనవేలి మొదట్లో మరునాటికి కమిలిపోతుంది. నేను మొదటిసారి కాల్చినప్పుడు "అమ్మో" అన్నాను, తెలుగులో, చుట్టూ అందరూ ఆస్ట్రేలియన్లే అయినా.

ఆ దెబ్బ ఆవిడ మణికట్టుకి తగులుతుందని తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు. అప్పుడు పుట్టింది నా వెధవ ఆలోచన. ఫార్టీఫోర్ తూటాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి మ్యాగ్నమ్. రెండోది స్పెషల్. లావు రెండూ ఒకటే, స్పెషల్ కొంచెం పొట్టి, మందు బాగా తక్కువ. మ్యాగ్నమ్ రివాల్వర్లో స్పెషల్ చక్కగా ఇమిడిపోతుంది. దెబ్బ సగమైనా ఉండదు. ఆవిడ వేళ్ళు అప్పటికి ఇంకా బిగుసుకునే ఉండేవి కాబట్టి తూటాలు నింపే పని నాది. శీతాకాలం మొదట్లో ఒక శనివారం, ఆవిడ చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాలెత్తి, తుపాకీని పిక్క పక్కన ఆనించుకుని (ఈ ఆటలో అలాగే కాలుస్తారు, పెళ్ళిళ్ళలో ఫొటో తీయించుకునే భంగిమ కాదు) చెయ్యి చాపింది. నేను రివాల్వర్ ఆరు గదుల్లోనూ స్పెషల్ నింపి, మ్యాగ్నమ్ అని చెప్పి ఇచ్చాను.

ఆరూ దగ్గరి కోళ్ళకి కాల్చింది. చెయ్యి వదల్లేదు, తుపాకీ మూతి వణకలేదు. లేచి కూర్చుని చెవుల మీది మూతలు తీసి, "ఇంతేనా మీ ఫార్టీఫోర్? త్రీఫిఫ్టీసెవెన్ కన్నా మెత్తగా ఉందే!" అంది. "తుపాకీ బరువు కదా, దెబ్బంతా అదే మింగేస్తుంది" అన్నాను. అందులో నిజం లేకపోలేదు, బరువైన తుపాకీ తక్కువ తన్నుతుంది. అబద్ధాన్ని పాఠంలో చుట్టి ఇవ్వడం మా వృత్తిలో అలవాటైన పనే. ఆవిడ మొహం చూడాలి ఆ రోజు! ఎన్నో నెలల తర్వాత కారులో పాట అందుకుంది. ఆ పాట వింటూ నేను మహా ఘనకార్యం చేశానని పొంగిపోయాను. వరసగా మూడు శనివారాలు అదే నాటకం. స్పెషల్ గుండు దూరం వెళ్ళేసరికి కిందికి వాలిపోతుంది కాబట్టి, తుపాకీ మీద గురి చూసే సైటు కూడా పైకి తిప్పి సర్దేశాను. మూడో వారం ఇంటికొచ్చి చెప్పుల్లోంచి కాళ్ళైనా తియ్యకుండా క్లినిక్‌కి ఫోన్ చేసి, వచ్చే నెల మొదటి సోమవారం నుంచి వస్తానని చెప్పేసింది. అప్పుడు నా గుండెలో రాయి పడింది. పొట్టేలు పడ్డాకే అన్నావుగా అని నసిగాను. "అదెంతలో పని, చెయ్యి కుదిరిందిగా" అంది. నిజం మింగలేను, కక్కలేను.

ఆ ఆదివారమే క్లబ్బు పోటీ, తూటాలు నింపింది మళ్ళీ నేనే. కోళ్ళు పడ్డాయి, పందులు పడ్డాయి, టర్కీల్లో ఒకటి రెండు మొండికేశాయి. చివరికి పొట్టేలు. మొదటి గుండు దుమ్ములో పడింది. రెండోది తగిలింది. అంత దూరం నుంచి ఠంగుమన్న చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది, చెవికి ఎంత తియ్యగా ఉంటుందో! పొట్టేలు కదల్లేదు. ఇంకొకటి, మళ్ళీ ఠంగ్. అలాగే నిలబడి ఉంది. కాల్చే మైదానం చూసుకునే పెద్దాయన, ఊరి బయట జొన్న పండించే రైతు, దూరదర్శినిలోంచి తల ఎత్తి "నడిబొడ్డున తగిలింది. పడాలే!" అని గొణుక్కుంటూ వచ్చాడు. ఆవిడ తుపాకీ తెరిచి కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు చాప మీద కుమ్మరించింది. ఆయన ఒకటి తీసుకుని, తన జేబులోంచి మ్యాగ్నమ్ తొడుగు తీసి పక్కన నిలబెట్టాడు. నా ముక్కు కన్నా స్పష్టంగా కనపడింది తేడా. "స్పెషల్స్ ఇవి, మేట్. వీటితో పొట్టేలుకి చక్కిలిగిలి కూడా పుట్టదు" అన్నాడు నాతో. ఆయన పాపం తూటాల పెట్టెలు మారిపోయాయనుకున్నాడు.

మా ఆవిడ ఆ రెండు తొడుగుల వైపూ చూసింది, నా వైపూ చూసింది. తుపాకీ ఖాళీ అని చూపించి, పెట్టెలో పెట్టి, తాళం వేసి, కారెక్కి కూర్చుంది. దారిలో సగం దూరం వచ్చాక అంది: "అందరూ అబద్ధాలే చెబుతున్నారని కదా పొట్టేలు దగ్గరికొచ్చాను. మీరూ అదే పని చేశారు. పైగా నేను వచ్చే నెల ఒక మనిషి నోట్లో ఈ చెయ్యి పెట్టబోయాను. నాకు కాదండీ మీరు అబద్ధం చెప్పింది, ఆ మనిషికి." నీ చెయ్యి నొప్పెడుతుందేమోనని చేశాను, అన్నాను. "నా చెయ్యి నాది. నొప్పెడితే నేను చెబుతాను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ప్రేమతో చేశాననుకున్న పని అంత అసహ్యంగా కనపడటం అదే మొదటిసారి నాకు.

ఇంటికి రాగానే క్లినిక్‌కి ఫోన్ చేసి రానని చెప్పింది. ఎప్పుడొస్తావంటే తెలియదంది. తర్వాతి శనివారం తనే వెళ్ళి మ్యాగ్నమ్ తూటాలు కొనుక్కొచ్చి, ఒక్కొక్కటీ అడుగున చెక్కిన పేరు చదివి, తన బిగుసుకున్న వేళ్ళతో తనే నింపుకుంది. మొదటి దెబ్బకి రెప్ప మూసి, చెయ్యి కిందికి నొక్కేసింది. గుండు పది అడుగుల్లో మట్టిలో దిగింది. ఉద్యోగం మానేస్తానన్న మాట అప్పుడే అంటుందనుకున్నాను. అనలేదు. కన్నీళ్ళు వచ్చాయి, భుజానికి తుడుచుకుంది. మళ్ళీ కాల్చింది. మళ్ళీ మట్టి. వారం వారం వెళ్ళాం. కారులో పాటల్లేవు, వాతావరణం గురించి రెండు మాటలు, అంతే. ఇంట్లో కూడా ఉప్పెంత వెయ్యాలన్నది తప్ప నన్ను అభిప్రాయం అడగడం మానేసింది. కూర బాగుందంటే "అలాగా" అనేది. ఆ "అలాగా" ముందు ఫార్టీఫోర్ దెబ్బ ఏపాటిది!

ఇలా కొన్ని వారాలయ్యాక, ఒక శనివారం తనే తుపాకీ నా చేతికిచ్చింది. "ఇవాళ మీరు నింపండి. నాలుగు గదుల్లో మ్యాగ్నమ్, రెండింట్లో కాల్చేసిన ఖాళీ తొడుగులు. ఏది ఎక్కడుందో నాకు చెప్పకండి" అంది. నాకు అర్థమైంది. ఖాళీ తొడుగు మీద తుపాకీ సుత్తి పడ్డప్పుడు చప్పుడూ ఉండదు, దెబ్బా ఉండదు. అప్పుడు మూతి కదిలిందంటే అది తుపాకీ కదిపింది కాదు, భయపడ్డ చెయ్యి కదిపింది. "కానీ కాల్చేటప్పుడు నా కళ్ళని నేను నమ్మలేను. మీరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మూతినే చూడండి. కదిలిందో లేదో మీరే చెప్పాలి." ఇంత జరిగాక ఆ పని నాకే ఎందుకిచ్చిందో నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. ఆవిడకి కనపడకుండా అటు తిరిగి తూటాలు నింపాను.

మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోది టిక్కుమంది. మూతి వెంట్రుకవాసి కిందికి వంగింది. అంతే, వెంట్రుకవాసి. ఇంకెవరూ పట్టుకోలేరు. ఆవిడ తల తిప్పి నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళల్లో బోలెడంత ఆశ ఉంది. లేదు అనేస్తే చాలు, ఆ మొహం వెలిగిపోతుంది. "కదిలింది" అన్నాను. "ఎంత?" "కొంచెం. కానీ కదిలింది." "సరే, వచ్చే వారం" అని లేచింది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ కారులో నిద్రపోయింది. పోటీ నాటి నుంచి నా పక్కన కళ్ళు మూసుకోవడం అదే మొదటిసారి.

తర్వాతి వారమూ కదిలింది, కదిలిందనే చెప్పాను. ఆపై వారం కూడా. ఊళ్ళో ఇంటింటి ముందూ పూలు విచ్చుకునే రోజులు వచ్చాయి. ఆ శనివారం రెండు ఖాళీ గదుల మీదా సుత్తి పడింది, రెండుసార్లూ మూతి రాయిలా నిలబడింది. ఆవిడ నా వైపు తిరిగింది. "కదల్లేదు" అన్నాను. మళ్ళీ అడగలేదు, ఇంకెవరినీ అడగలేదు. అటు తిరిగి పొట్టేలుకి కాల్చింది, అది బోర్లా పడింది, పడ్డదాన్ని ఎక్కువసేపు చూడను కూడా చూడలేదు. సంచిలోంచి ఫోన్ తీసి, "సోమవారం నుంచి వస్తున్నాను. మా ఆయన చూసి చెప్పారు" అని క్లినిక్‌కి చెప్పింది. విరిగిన ఎముక అతుక్కోవడానికి ఎన్ని వారాలు పడుతుందో డాక్టర్లు మొదటి రోజే చెబుతారు, మొగుడి మాట అతుక్కోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పేవాళ్ళు లేరు. మాకు మాత్రం ఒక శీతాకాలం పట్టింది.