ఆగిపోయిన కాపీకి బాపు సాక్ష్యం

కరీంనగర్ ఆఫీసులో వారమంతా నేను ఒకే తప్పుతో కుస్తీ పట్టాను. లినక్స్‌లో ఫైళ్లు కాపీ చేయడానికి ప్రోగ్రామర్లందరూ వాడుకునే ఒక కోడ్ లైబ్రరీ అప్పుడప్పుడు మధ్యలో ఆగిపోయి, ఎర్రర్ కూడా చూపించకుండా అలాగే ఉండిపోయేది. శనివారం చెన్నూరులో అమ్మ, బాపు ఉండే మా ఇంటికి వెళ్లినా ల్యాప్‌టాప్ వదల్లేదు. నాలాగే ప్రోగ్రామరైన చెల్లెలు టీ తాగుతూ నా భుజం మీదుగా చూసింది.

"అన్నా, కాపీ నడుస్తుంటెనే గా ఫైలు చిన్నగైంది. లేని ముక్క కోసం ఇది ఎదురుచూస్తనే ఉన్నది."

నిజమే. మొదట చూసిన సైజు పూర్తయ్యేదాకా, మళ్లీ మళ్లీ తిరిగే ఆ కోడ్ లూపు ఆగదు. సవరణ కూడా తనే రాసి పంపింది. ఆ లైబ్రరీ నడిపేవాళ్లు మెచ్చుకొని, దాన్ని తన పేరుతోనే కోడ్‌లో చేర్చుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. వారమంతా కళ్లు పోయేలా కూర్చున్నది నేను!

తర్వాతి ఆదివారం మా ఊరి చర్చిలో, దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళకు బాపు లేచి నిలబడ్డాడు.

"మా బిడ్డ దునియాల ఉన్న కంప్యూటర్లన్నీ బాగుచేసింది. దేవునికి స్తోత్రం!"

అందరూ హల్లెలూయా అన్నారు. పళ్లు నూరుకుంటూ నేనూ అన్నాను. బాపు ఇంకా కూర్చోలేదు.

"మా పెద్దోడు గూడ గదే పని చేస్తుండు. వాని కోసం జర ప్రార్థన చేయుండ్రి."

అందరూ కళ్లు మూసుకున్నారు. అందరికంటే గట్టిగా ప్రార్థించింది మా చెల్లెలే.