మూడు వేళ్ళ అడుగు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ చిరాకు. బాపట్లలో మా మేనత్త అలాంటివి మొదలుపెడితే సాక్ష్యం చూపించమని ఆవిడ నోరు మూయించేదాన్ని. పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా తప్పు దొరికిందంటే, మళ్ళీ జరిగేలా చేసి చూపించమంటాను. ఒక్కసారి జరిగినదాన్ని లెక్కలోకి తీసుకోను. ఇప్పుడు చెప్పబోయేది మూడుసార్లు జరిగింది.

మా గేటెడ్ కమ్యూనిటీ కోకాపేట దాటాక ఉంటుంది. వెనక గోడ అవతలంతా రాళ్ళగుట్ట. ఆ గోడకి ఒక చిన్న ఇనప గేటు ఉంది. తోటపని చేసే యాదమ్మ రోజూ పొద్దున ఆరున్నరకి ఆ గేటు తీసి, ఊడ్చిన ఆకులన్నీ బయట గుంటలో పోసి వస్తుంది. ఆమెకి ఇంటర్ చదివే కూతుళ్ళు ఇద్దరు. ఇంటికి ఆమె ఒక్కతే ఆధారం.

నిరుడు వానలు తగ్గాక ఆ గేటు కెమెరాలో చిరుత కనబడింది. అసోసియేషన్ సెక్రటరీని నేనే కాబట్టి ఫారెస్ట్ వాళ్ళకి నేనే ఫోన్ చేశాను. వాళ్ళు సాయిలు అనే వాచర్‌ని పంపారు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. గేటు బయట మంచమంత మేర ఇసుక పోసి, సాయంత్రం చీపురుతో సాపు చేసి, పొద్దున్నే వచ్చి అందులో పడ్డ అడుగులు చూసేవాడు. వారం తిరక్కుండానే తేల్చేశాడు. ఆడది, ముసలిది. ఎప్పుడో ఉచ్చులో పడి ముందరి కుడి కాలికి ఒక వేలు పోయింది. అందుకే మిగతావి నాలుగు వేళ్ళతో పడుతుంటే ఆ ఒక్క పాదం మూడు వేళ్ళతో పడుతోంది.

"ఈమె మనుషుల జోలికి రాదు మేడం. మీ బిల్డింగులు లేనప్పటి సంది గిదే దారిల తిరుగుతది. ఈమెను తీస్తే జాగ ఖాళీ అయితది, ఇంకోటి వయసుది వస్తది. దానికి మనుషులంటే ఏందో ఎర్క లేదు" అన్నాడు.

నేను ఆ మాటలు మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు. పెడితే చర్చ తెగదని నా భయం. మాకు జిమ్ టైమింగులైనా, పార్కింగ్ గొడవైనా వాట్సాప్ పోల్‌తో తేల్చుకోవడం అలవాటు. "బోను పెట్టించాలా, వద్దా" అని దీనికీ పోల్ పెట్టేశాను. భోజనాల వేళకల్లా దాదాపు అందరూ పెట్టించాలన్నారు. ఆ స్క్రీన్‌షాట్ జతచేసి ఫారెస్ట్ వాళ్ళకి నేను ఎన్ని మెయిళ్ళు కొట్టానో, ఎంతమంది చేత ఫోన్లు చేయించానో నాకే తెలుసు. ఒక అడవి జంతువు బతుకుని పోల్‌లో తేల్చామన్న ఊహ అప్పుడు నాకు రానేలేదు.

నాలుగో రోజున చిరుత బోనులో పడింది. తీసుకెళ్ళిన చోట చువ్వలకేసి తల బాదుకుని మూడు రోజులకే చచ్చిపోయింది. సాయిలే ఫోన్ చేసి చెప్పాడు. "నా కండ్ల ముందటనే కాలవెట్టిన్రు మేడం" అన్నాడు. తర్వాత అతన్ని వేరే చోటికి వేశారు. నేను గ్రూపులో "సమస్య తీరింది" అని రాశాను. బోలెడన్ని చప్పట్ల బొమ్మలొచ్చాయి.

రెండు నెలలు గడిచాయి. ఒక మంగళవారం వాకింగ్‌కి వెళ్తూ చూస్తే గేటు లోపలే ఆకుల గుట్ట పడి ఉంది. యాదమ్మ బద్ధకించిందనుకుని గేటు తీశాను. సాయిలు పోసిన ఇసుక అలాగే ఉంది, రోజూ సాయంత్రం యాదమ్మే దాన్ని సాపు చేస్తోందట. దాని మీద అడ్డంగా నాలుగు అడుగులు. ముందరి కుడి పాదానికి మూడే వేళ్ళు.

నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఎవరో పిడికిలితో అద్ది నన్ను దెప్పిపొడుస్తున్నారనుకున్నాను. ఆఫీసు ఐడీ కార్డు పక్కన పెట్టి ఫోటో తీసుకున్నాను. బుధవారం మళ్ళీ అవే అడుగులు, లోపల మళ్ళీ ఆకుల గుట్ట. ఆ రోజు సూపర్‌వైజర్‌ని పిలిచి యాదమ్మ పని ఎగ్గొడుతోందని చెప్పాను.

గురువారం ఆరింటికే వెళ్ళాను. అడుగులున్నాయి. ఎవరైనా చూశారంటే గ్రూపులో మళ్ళీ గోల మొదలవుతుంది, సమస్య తీరిందన్న నా మాట నవ్వులపాలవుతుంది. ఫోటో తీశాను. అక్కడే గోడకి ఆనించి ఉన్న కొబ్బరి చీపురు తీసుకుని ఇసుకంతా సాపుగా ఊడ్చేసి ఇంటికి వచ్చేశాను.

కాఫీ పెట్టుకుంటుంటే కేకలు వినిపించాయి.

సెక్యూరిటీ వాళ్ళు డబ్బాలు మోగిస్తూ పరుగెత్తితే చిరుత యాదమ్మను వదిలి గుట్ట ఎక్కింది. గుంట దగ్గర తట్ట బోర్లాపడి ఉంది. ఎడమ చెయ్యి, ఆ వైపు ముఖం... నేను చూసినదంతా రాయలేను. ఆమెను కారెక్కిస్తున్నప్పుడు కాళ్ళు పట్టుకున్నది నేనే.

అది మూడేళ్ళు కూడా నిండని మగ చిరుత. వారం తర్వాత దాన్నీ పట్టుకున్నారు. నేను ప్రత్యేకంగా అడిగి కనుక్కున్నాను, నాలుగు కాళ్ళకీ వేళ్ళన్నీ ఉన్నాయి.

తర్వాత సెక్యూరిటీ గదిలో కూర్చుని మూడు రోజుల రికార్డింగూ చూశాను. రాత్రంతా ఇసుక సాపుగానే ఉంది. మనిషి రాలేదు, జంతువు రాలేదు. తెల్లవారగానే కెమెరా నలుపు తెలుపు నుంచి రంగుల్లోకి మారుతుంది, అప్పుడు బొమ్మ ఒక్క క్షణం చెదురుతుంది. అది సర్దుకునేసరికి ఇసుక మీద అడుగులున్నాయి. మూడు రోజులూ అంతే. మూడో రోజు మాత్రం కాసేపటికి చీపురు పట్టుకున్న ఆడమనిషి కనబడుతుంది.

ఫోటోలు సాయిలుకి పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశాడు. "ఆమెదే" అన్నాడు, అంతే. కాలబెట్టారన్నావు కదా అంటే ఫోన్ పెట్టేశాడు.

నెల తర్వాత యాదమ్మను చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. మోచేతి కింద చెయ్యి తీసేశారు, ఎడమ కన్ను పోయింది. పెద్దమ్మాయి చదువు మానేసి పక్కన కూర్చుంది. రెండు రోజులు మానేసి ఆ రోజే బయటికి ఎందుకు వెళ్ళావని అడిగాను. తప్పు ఆమెదే అయితే బాగుండునని నాకు లోపల ఆశ.

"సాయిలన్న చెప్పిండు మేడం, మూడు వేళ్ల అడుగు కనవడితే ఆ పొద్దు బయటికి పోకు, ఆమె దారికి అడ్డం పోకు అని. చచ్చిపోయిందని ఎర్కే, అయినా కనవడ్డది. మంగళారం, బుధారం లోపట్నే పోసిన. గా పొద్దు ఇసుక సాఫ్‌గ ఉండె. చూస్కొనే పోయిన."

తెచ్చిన పళ్ళు అక్కడ పెట్టి వచ్చేశాను. ఊడ్చింది నేనేనని ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, అంతకన్నా ధైర్యం లేదు.

అది హెచ్చరించడానికే వచ్చిందో, తన దారిన తను నడిచిందో నాకు తెలియదు. చచ్చిన జంతువు అడుగు ఇసుకలో ఎలా పడిందో కూడా చెప్పలేను. ఆ మూడు ఫోటోలు ఇంకా నా ఫోన్లో ఉన్నాయి. యాదమ్మ పనిలోకి వచ్చిన అమ్మాయి ఆకులు పోయడానికి ఆ గేటునుంచే వెళ్తుంది. అందుకని సాయంత్రం ఇసుక నేనే సాపు చేసి, ఆమెకన్నా ముందే పొద్దున వెళ్ళి చూస్తాను.

ఇప్పటిదాకా ఒక్క అడుగూ పడలేదు. సాపుగా ఉన్న ఆ ఇసుకను చూస్తే నాకు భయం. ఆ అమ్మాయిని వెళ్ళొద్దని అంటాను. ఎందుకని అడిగితే, తట్ట నేనే తీసుకుని బయటికి నడుస్తాను.